మూరెడు మందం గోడ

ఓపెన్ అట, ఓపెన్, ఆ ముక్క పలకడం కూడా సరిగ్గా రాదు ఈయనకి, వోపెను కిచ్చెను అంటాడు, నరసింహారావుగారి కొత్తింట్లో గృహప్రవేశం భోజనం చేసొచ్చిన దగ్గర్నుంచీ ఇదే జపం, గోడ లేకపోతే ఇల్లు ఎంత ఇశాలంగా ఉందో చూశావా, అయినా మనకేందే దాపరికాలు అని, దాపరికం లేని మనిషట, సొంత అన్నగారి ఎదుట కాదు అనే రెండక్షరాలు నోట రాక పొలం గట్టు వదిలేసుకొచ్చిన మనిషి, అనుకుంటూ ఝాన్సీలక్ష్మి వేగుతున్న ఎండుమిరపకాయల కింద మంట తగ్గించింది, రేపట్నుంచి ఈ ఘాటంతా హాల్లో కూర్చున్న పెద్దమనుషుల ముక్కుల్లోకి పోతుంది, పోనీ, తగువులు తీర్చే మొహాలు కాసేపు తుమ్మితే నరసరావుపేటకి వచ్చే నష్టమేం లేదు.

అవతలి వైపు తాపీమేస్త్రి జ్ఞానయ్య గోడని తట్టి చూస్తున్నాడు, మామగారు నాపరాయితో, మట్టితో కట్టించిన మూరెడు మందం గోడ, పైకప్పుకి ఇనప దూలం నిన్ననే ఎక్కించారు, ఇక పడగొట్టడమే, కానీ ఆ ముసలి మేస్త్రి సుత్తి కింద పెట్టేశాడు, ఇంటామె నోటితో చెప్పందే వంటింటి గోడ మీద దెబ్బెయ్యనయ్యా, మా నాయన కాణ్ణుంచీ అదే పద్ధతి అంటున్నాడు, ఈయన నవ్వుతున్నాడు, నేను చెప్పా గదయ్యా, ఇంకా ఆమెనేంది అడిగేది, అయ్యా తమరు హాలుకి యజమానులు, వంటింటికి కాదు గదా, నరసింహారావుగారూ పక్కనున్న ఇద్దరూ గొల్లున నవ్వారు.

హాలుకి యజమానట, ఆ హాలు ఎవరి మాట మీద నడిచిందో ఈ రాళ్లనడగాలి, ఎవరైనా తగువు తెస్తే ఈయన మీసం దువ్వుకుంటూ అటు వింటాడు, తను ఇటు వింటుంది, ఒప్పుకోకూడని మాటైతే గిన్నె మీద మూత ధడాలున వేస్తుంది, సరేననాలంటే గరిటెతో అంచు మీద రెండుసార్లు తడుతుంది, ఇరవై ఆరేళ్లలో ఇద్దరూ ఒక్కసారి కూడా ఈ సంగతి పైకి అనుకోలేదు, పెళ్లయిన రెండో ఏడు నిజంగానే మూత జారిపడితే ఈయన బెదిరి అనబోయే మాట మింగేశాడు, ఆ మింగడమే మంచిదైంది, అదే అలవాటైంది, బజార్లో మాత్రం గోపాలకృష్ణయ్య తొందరపడే మనిషి కాదురా, చానా నిదానం అని పేరు, మూత కోసం ఎదురుచూడటాన్ని నిదానం అంటారని తన బి.ఏ.లో ఎవరూ చెప్పలేదు, ఇప్పుడేమో ఆ గోడే తీయిస్తాడట, కూర్చున్న కొమ్మని నరుక్కోవడానికి మేస్త్రిని పిలిచి కాఫీ కూడా పోయిస్తున్నాడు, రేపు అందరి కళ్లెదుటా మూత కొడితే తలలు ఇటు తిరగవూ, అప్పుడు నీళ్లు నములుతాడు, నమలనీ.

ఏమే ఝాన్సీ, ఇట్టా రా, నీ నోటి ముత్యాలు రాల్తేగాని ఈ మేస్త్రి సుత్తి లేవదంట, పిలుపు వినపడింది, పొయ్యి ఆపి చెంగుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది, వద్దు అనే మాట సిద్ధంగానే ఉంది, దానికి కారణాలూ ఉన్నాయి, తాలింపు పొగ, సోఫాల మీద జిడ్డు, వచ్చినవాళ్లందరికీ అంట్ల దర్శనం, చెప్పమ్మా, కొట్టమంటావా, వద్దంటే సుత్తి సంచిలో ఏసుకుని పోతా అన్నాడు జ్ఞానయ్య, నాలుగు మొహాలు తన నోటి వంకే చూస్తున్నాయి, ఈయన మొహం కూడా, అలవాటైన ఆ ఎదురుచూపుతోనే, తుడిచిన చేతులే మళ్లీ చెంగుతో తుడుచుకుంది, ఇదేమిటి, వద్దు అనేదీ రెండక్షరాలే కదా.

ఇక్కడే, సరిగ్గా జ్ఞానయ్య నిలబడ్డ చోటే, రెండేళ్ల కిందట వెనకింటి హలీమా నిలబడింది, బట్టలు కుట్టుకునే మనిషి, అన్నా, మా తమ్ముళ్లు నా వాకిలికి అడ్డంగా గోడ లేపుతున్నారు, నువ్వొక్క మాటంటే ఆగుతారు అంది, ఈయన సరేనమ్మా అనబోయాడు, స వినపడింది కూడా, తనే మూత వేసింది, అక్కాతమ్ముళ్ల గొడవ మనకెందుకని, పైగా హలీమా కాస్త ఎక్కువ చేసి చెబుతోందని, ఈయన ఆగి, చూద్దాంలేమ్మా అన్నాడు, ఆ గోడ లేచింది, హలీమా మిషను ఆటోలో వేసుకుని వినుకొండ పోయింది, గోపాలకృష్ణయ్యకి నోట్లో నాలుక లేదని వీధి వీధంతా తిట్టుకుంది, ఈయన తలొంచుకుని ఆ తిట్లన్నీ పడ్డాడు, నువ్వే కదా మూతేశావు అని గదిలో ఒంటరిగా ఉన్నప్పుడైనా అనలేదు, ఆటో దగ్గరకెళ్లి సున్నుండల డబ్బా చేతిలో పెడుతూ తనేమంది, మా ఆయన సంగతి తెలిసిందేగా హలీమా అంది, ఎంత తేలిగ్గా అంది.

కొట్టమంటావా, మళ్లీ అడుగుతున్నాడు జ్ఞానయ్య, పిరికివాడే ఈయన, అందులో సందేహం లేదు, కానీ నలుగురిలో చెడ్డ మాట మోసింది ఈయనే, నిలిచిన మాటలన్నీ తనవి, చెడినవన్నీ ఈయనవి అని ఇన్నాళ్లూ తనే పంచుకుంటూ వచ్చింది, ఒక్క మాటా పోగొట్టుకోలేదు తను, ఒక్కటైనా అంటేగా పోవడానికి, కొట్టు జ్ఞానయ్యా, అనేసింది, గొంతు హాల్లో ఇంత పెద్దగా వినపడుతుందని తెలియదు, ఈయన ఉలిక్కిపడి చూశాడు, చూడనీ, ఈ మాటే గనక చెడితే, మొదటిసారి, తన పేరు మీదే చెడుతుంది.