ఐదో రంగు

కాశమ్మ మిఠాయి పొట్లం పట్టుకుని వచ్చేసరికి అరుణాదేవి వాకిట్లో కూర్చుని కందులు చెరుగుతోంది. కాశమ్మ కొడుకులు రాజేందర్, మహేందర్‌లది తాండూరు బండల గనుల్లో అన్నిటికంటే పెద్ద గని.

"మీ గని పక్కపొంటి ఉన్న భూమి చెక్క మేమే తీస్కున్నం బిడ్డా. నోరు తీపి చేస్కో."

"మంచిగైంది పెద్దమ్మా. జెండ ఏ రంగు పెడుతున్నరు?" అరుణ ఊరికే అడిగింది.

"ఏ రంగేంది? మా ఎర్ర జెండనే."

అరుణ చేతిలో చేట ఆగిపోయింది.

గనిలో గట్టి పైపొర పగలగొట్టడానికి పేలుడు మందు పెట్టేముందు జెండా ఎత్తుతారు. లోపల పనిచేసేవాళ్ళకు చుట్టూ పోసిన రాళ్ళగుట్టల మీదుగా దాని కొస మాత్రమే కనిపిస్తుంది. వేరే రంగు కనిపిస్తే పొరుగు గనిలో మందు పెట్టారని అర్థం, పని వదిలి పైకెక్కాలి. తమ రంగే కనిపిస్తే కదలక్కరలేదు. తమ గనిలోనే అయితే మేస్త్రీ ముందే కూత వేసి అందరినీ ఎక్కిస్తాడు. కూత లేదంటే ఆ జెండా ఎక్కడో దూరపు గనిది. అందుకే పక్కపక్క గనులకు ఒకే రంగు ఉండకూడదు.

ఆ రంగులు పంచింది అరుణే. బట్టల దుకాణంలో ముతక గుడ్డ నాలుగు రంగుల్లోనే దొరుకుతుంటే, వికారాబాదు నుంచి వచ్చిన ఈ లెక్కల కోడలిని గనులవాళ్ళు అడిగారు, చాలుతాయా అని. ఎంత చిక్కు పటమైనా పక్కపక్క భాగాలకు ఒకే రంగు పడకుండా నాలుగు రంగులు చాలుతాయని ఆమె హైదరాబాదు కాలేజీలో విన్నది. ఐదు కావలసిన పటం ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. అలాంటిది లేనే లేదని నిరూపించినవాళ్ళూ లేరు. 1970 నాటికి నూరేళ్ళు దాటినా తేలని లెక్క అది. ఆమె రెండు మాటలూ చెప్పింది. వాళ్ళు మొదటిదే విన్నారు.

అరుణ భర్త సుధాకర్ గనికి ఎరుపే వచ్చింది. దాన్ని చుట్టి మూడు గనులు, ఆ మూడింటి వెలుపల రాజేందర్ వాళ్ళ పెద్ద గని. అంత దూరం ఉన్నాయి కనుకనే రెండింటికీ ఎరుపు ఇచ్చింది.

"పెద్దమ్మా, మాది గూడ ఎర్రదే. మా మనుషులు మీ జెండ చూసి లేవరు. ఆ కొత్త చెక్కకు వేరే రంగు పెట్టమనుండ్రి."

కాశమ్మ ముఖం మాడిపోయింది. "ఒక్క ఇంటికి రెండు జెండలా? అన్నదమ్ములు వేరువడ్డరని ఊరంత అనుకోవాల్నా? నేనుండంగనే నా కొడుకులను పంచుతవా?"

"అది గాదు పెద్దమ్మా, పానాలు పోతయి."

"గంత చదివినవ్, నువ్వే జర సదురు. ఎల్లుండిదాంక మందు పెట్టరులే. మా జెండ మాత్రం మారది."

ఆమె వెళ్ళగానే అరుణ వాకిలి బండల మీద ముగ్గుపిండితో గనుల హద్దులు గీసింది. ఎరుపుకు కందులు, పసుపుకు శనగపప్పు, తెలుపుకు బియ్యం, నీలానికి మినుములు పోసింది. తమ గని గింజలు మార్చింది. పక్క గనితో కలిశాయి. పక్క గనివి మార్చింది. అవతలి గనితో కలిశాయి. ఎత్తి పోసింది, మళ్ళీ పోసింది. చేతులు చెమటపట్టి గింజలు వేళ్ళకు అంటుకుంటున్నాయి.

కుదిరే అమరిక తనకు దొరకడం లేదా? అసలు లేనే లేదా?

ఉంటే, అది దొరికేదాకా సుధాకర్ దిగే ప్రతి పూటా తన తప్పే. లేకపోతే, ప్రపంచంలో ఎవరికీ కనబడని పటం తన వాకిట్లో పరిచి ఉంది. ఆ రెండో ఆలోచనను ఆమె వెంటనే తోసేసింది. అలా ఉండదు. ఎక్కడో తనే తప్పుతోంది.

"ఏంది పిల్లా, పప్పులన్ని కలగాపులగం చేస్తున్నవ్?" అత్త భాగమ్మ తలుపు దగ్గరనుంచి అరిచింది. "ఏరేది నువ్వేనా, నేనా?"

అరుణ వంగి గింజలను మళ్ళీ చూసింది. కందులు రెండుచోట్ల ఉన్నాయి, పెద్ద గనిలో, ఈ చిన్న చెక్కలో. పటంలో ఒక్కో భాగం ఒక్క ముక్కగా ఉంటేనే ఆ నాలుగు రంగుల మాట. రెండు ముక్కలను ఒకే ఇల్లనుకుంటే తమది, చుట్టూ ఉన్న మూడు, రాజేందర్ వాళ్ళది, ఐదు ఇళ్ళూ ఒకదానికొకటి పొరుగే. నాలుగు గింజలతో ఎంతసేపు పోసినా కుదరదు.

హద్దు సరిచూసుకుందామని గనుల వైపు తలెత్తింది. రాళ్ళగుట్టల మీద పెద్ద గని జెండా లేచే చోటు ఖాళీగా ఉంది. ఇటు, తమ గని పక్కన, ఎర్రటి కొస లేస్తోంది.

రాజేందర్ ఎల్లుండిదాకా ఆగలేదు.

"యాడికి పిల్లా? గనికాడికి ఆడోళ్ళు పోతరా?" అత్త వెనకనుంచి కేక వేసింది.

అరుణ చెప్పులు కూడా లేకుండా ఉరికింది. రాళ్ళ ముక్కలు అరికాళ్ళలో దిగుతున్నా ఆగలేదు. గని అంచుకు చేరేసరికి కింద ఉలుల చప్పుడు తీరిగ్గా వినిపిస్తోంది.

"ఎక్కుండ్రి! పైకెక్కుండ్రి!"

సుధాకర్ తలెత్తి నవ్వాడు. "ఏందే, సద్ది తెచ్చినవా?"

"ఎర్ర జెండ!"

"అది రాజేందర్‌ది. యాడనో దూరం."

"దూరం గాదు, పక్క చెక్కల!"

మేస్త్రీ బీరప్ప జెండా వైపు ఒక్కసారి చూసి పెద్దగా కూత వేశాడు. ఉలులు అక్కడే పడేసి మనుషులు మెట్లబండల మీద పాకుతూ ఎక్కారు. అందరి వెనక సుధాకర్. అతని చెయ్యి అందగానే అరుణ గుంజింది. వాళ్ళు గుట్ట చాటుకు చేరారో లేదో నేల అదిరింది. ఇప్పటిదాకా ఉలులు మోగినచోట రాళ్ళు దబదబ పడ్డాయి.

మనుషులు ఒంటిమీది దుమ్ము దులుపుకున్నారు.

"మనకు ఆకుపచ్చ గుడ్డ పట్నం పోయి నేను తెస్త దొరసానీ," అన్నాడు బీరప్ప. "ఐదు రంగులైతే ఇగ ఫికర్ లేదు గద?"

రాజేందర్ ఇంకో చెక్క కొంటాడు. అతన్ని చూసి మిగతావాళ్ళూ కొంటారు. ఒక్కో ఇంటికి రెండుచోట్ల, మూడుచోట్ల. అప్పుడు ఎన్ని కావాలి? ఆ లెక్క ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"నాకు తెలువది బీరప్పా."

"గట్లంటె ఎట్ల? నువ్వు చదువుకున్నదానివి. ఏదో ఒకటి చెప్పు, మేం దిగాలె."

గుట్టల వెనక ఇంకోవైపు పసుపు కొస లేచింది. మనుషులు జెండాను చూడలేదు, ఆమె ముఖం చూశారు.  భర్త చెయ్యి వదలకుండా అరుణ గని అంచు నుంచి దూరంగా నడిచింది. వాళ్ళంతా ఆమె వెనకే వచ్చారు.