చెవిపొర

మర్నాటి చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తూనే చెప్పిందామె, ఎయిర్‌లైన్స్ వాళ్ళు తనని పైలట్ ఉద్యోగానికి తీసుకున్నారని, శుక్రవారం డాక్టరు పరీక్ష ఒక్కటే మిగిలిందని. టై కట్టుకుంటున్న మొగుడు అద్దంలోంచే నవ్వాడు.

"నలభై నాలుగేళ్ళకి విమానమా? కారు వెనక్కి తియ్యమంటే గోడకి గీకావు."

అతని ఉద్యోగం వెంట ఈ పరాయి దేశం వచ్చి ఏడేళ్ళు. మొదటి మూడేళ్ళూ అతని గుడ్డలు, అతని గిన్నెలు, అతని ఆఫీసు వాళ్ళకి విందులు. ఆ తర్వాత ఊరి చివర ఫ్లయింగ్ స్కూల్లో ఫోన్లెత్తే పనికి చేరి, ఆ జీతంతోనే ఎగరడం నేర్చుకుంది. ఆమె యాస అర్థంకాక కంట్రోల్ టవర్ వాళ్ళు రేడియోలో మళ్ళీ చెప్పమన్నప్పుడల్లా, కొడుకుల వయసు తోటి విద్యార్థులు వెనక సీట్లో కిసుక్కుమనేవాళ్ళు. "మొగుడి నెత్తి మీంచి ఎగిరితే గానీ దీని కడుపు నిండదా?" అని అత్తగారు ఫోనులో కొడుకుని ఎగదోసేది.

"నువ్వలా తిరుగుతుంటే ఇంట్లో ఎవరుంటారు?" అన్నాడు.

"ఎవరూ ఉండరు. తాళం వేసుకుంటాం."

అరచెయ్యి దొప్పలా చేసి కొట్టాడు. చెంప మీద కాదు, గురి చూసి చెవి మీద. లోపలేదో చిట్లింది. గది ఒక పక్కకి ఒరిగిపోయింది. వెచ్చగా నెత్తురు మెడ మీదకి జారింది. చెవి బాగోకపోతే విమానం నడపనివ్వరని అతనికి తెలుసు. ఆమే చెప్పింది, ఒకరోజు సంబరంగా.

"ఇప్పుడు వెళ్ళు పరీక్షకి" అంటూ మళ్ళీ చెయ్యెత్తాడు. ఆమె ఇస్త్రీపెట్టె అడ్డం పెట్టింది. లాక్కోబోయిన అతని అరచెయ్యి వేడిరేకుకి అతుక్కుంది. చర్మం కమిలిన వాసన. అరుస్తూ కుళాయి దగ్గరికి పరిగెత్తాడు. ఆమె గాల్లో ఇంజను ఆగితే ఏం చెయ్యాలో నేర్పినట్టే, ఒకటి తర్వాత ఒకటి చేసింది. ప్లగ్గు పీకింది. పాస్‌పోర్టు తీసుకుంది. చెప్పులేసుకుంది.

శుక్రవారం దాకా ఆగలేదు. పైలట్లని పరీక్షించే డాక్టరమ్మ దగ్గరికి అలాగే వెళ్ళింది. ఆవిడ చెవిలోకి లైటు వేసి చూసింది.

"పొర చిరిగింది. మానుతుంది, కానీ రెండు మూడు నెలలు ఎగరకూడదు. ఎలా అయింది?"

గట్టి జలుబు చేసినా పొర చిరుగుతుందని ఆమె చదివింది. కొట్టాడంటే పోలీసులు వస్తారు. అతని కాలిన చెయ్యి బయటికొస్తుంది. ఆమె వీసా కూడా అతని పేరు మీదే ఉంది. జలుబన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"మా ఆయన కొట్టాడు. నేనతని చెయ్యి కాల్చాను. రెండూ రాయండి."

ఆవిడ రాసుకుంది. "ఇంకేమైనా ఉందా?"

"రెండేళ్ళ కిందటి నా మెడికల్ ఫారం తియ్యండి. మెట్ల మీంచి పడి మణికట్టు విరిగిందని రాశాను."

"అందులో అబద్ధముంటే మీ లైసెన్సే పోవచ్చు. తెలుసా?"

"తెలుసు. మా ఇంట్లో మెట్లు లేవు, డాక్టరుగారూ."