ఇద్దరి బండిలో నాలుగు పడకలు

హేమంతము గోదావరీతీరమునకు విచ్చేసి అప్పటికి పక్షము దాటియుండెను. వేకువజామున కాలువనీటిపై లేచిన తెలిమంచు వరిచేలమీదుగ ప్రాకివచ్చి కడియపులంక మొక్కలతోటలలో వరుసలుదీర్చి నిలిపిన చేమంతికుండీల నడుమ చిక్కుకొని ప్రొద్దెక్కువఱకును కదలనొల్లక నిలిచెడిది. సాయంసమయమున జేగురువన్నె పులుముకొన్న సూర్యబింబము కొబ్బరిమట్టల సందులనుండి తొంగిచూచుచు బంతిపూలమళ్లకు మఱికొంత పసుపు పూసి పోయెడిది. అట్టి యొక సంధ్యవేళ ఆ యూరి పెద్ద మొక్కలతోట నడుమనున్న మేడ డాబాపై ఏబదియేండ్లు దాటిన యొక యిల్లాలు బియ్యపుపిండి గిన్నె చేతబట్టి నడుము వంచి ముగ్గు వేయుచుండెను. వాకిట వేయవలసిన ముగ్గు డాబామీద నేల వేయుచున్నదని పాఠకులు వింతపడవలదు. ఆమె వేయుచున్నది పద్మము గాదు, రథము గాదు. న్యూజిలాండు దేశమున అద్దెకు దొరకెడి మోటారుహోము.

ఆ యిల్లాలి పేరు కాత్యాయని. పడకయు వంటయు స్నానమును సమస్తమును కడుపున దాచుకొని చక్రములపై పరుగులిడు ఆ వింతయింటిలో ఫాల్గుణమాసమంతయు భర్తయగు నృసింహముతోగూడ గడుపవలెనని ఆమె సంకల్పము. దేశము దాటి యెఱుగని తామిరువురమును అంత యిఱుకుచోట నెట్లు మసలగలమను శంక పొడమగా కాత్యాయని కొక యుపాయము తోచెను. బండి కొలతలు తెలిసికొని కొలతకు కొలత సరిగా డాబాపై ముగ్గుగీసి అందే కాపురము నేర్చుకొనుట! నాటినుండి ప్రతిసాయంకాలమును ఆ దంపతులు డాబా యెక్కి లేని తలుపు తీసికొని లోని కడుగిడి ఆమె లేని పొయ్యి వెలిగించుచు ఆయన లేని చక్రము త్రిప్పుచు ఒకరినొకరు తప్పించుకొన ఒడలు పక్కకుజేసి నడచుట సాధనచేయజొచ్చిరి. ఆయన పాదము గీతమీద పడినచో “గోడ కూల్చేశారండీ!” అని ఆమె చిన్నపిల్లవలె నవ్వెడిది. పక్కతోటలోని కూలివారు తలలెత్తి చూచి ఆలులేదు చూలులేదు కొడుకు పేరు సోమలింగమన్నట్లున్నదని తమలో తాము నవ్వుకొనెడివారు. నవ్విననేమి! ఆ ముగ్గులో గడిపిన సాయంకాలములంత సుఖమైనవి కాత్యాయని తన కాపురమున నెన్నడును ఎఱుగదు.

ఎఱుగకుండుటకు కారణము గలదు. పెండ్లియైన క్రొత్తలో మైసూరు చూచివచ్చుటకై బయలుదేరినప్పుడు నూతనదంపతుల వెంట అత్తగారును బావగారు పురుషోత్తమమును తోడికోడలు అలివేలమ్మయు వారి పసివాండ్రును ఒకే వ్యానులో నెక్కిరి. ఊరుగాని యూర ఆడువారి గదిలో అత్తగారి పక్కను కాత్యాయనియు మగవారి గదిలో అన్నగారి పక్కను నృసింహమును పరుండిరి. బృందావనపు నీటిచిమ్ముల చెంత జనసమ్మర్దములో నృసింహ మామె చెవిచెంత వంగి “ఎప్పటికైనా మనమిద్దరమే వెళదాం” అని పలికెను. ఆ మాట నామె కొంగున ముడివైచుకొనెను. పిమ్మట కాశికి బోయినను రామేశ్వరమునకు బోయినను పొరుగూరి జాతరకు బోయినను గుంపే. వంటిల్లొకటి, తోట యొకటి, పురుషోత్తముని చెవిని వేయక చీపురుపుల్లయైన కదలని యిల్లది. అత్తగారు గతించిరి. పిల్లలు తమ తమ కాపురములకు బోయిరి. కాత్యాయని కొంగుముడి మాత్ర మట్లే యుండెను. న్యూజిలాండు సరస్సులుగాని మంచుకొండలుగాని ఆమెకు ముఖ్యములు గావు. ఇన్నేండ్లుగా నలుగురి నడుమ చెప్పవీలుగాక మ్రింగికొన్న మాటలన్నియు మగనితో తీరికగా చెప్పికొనుటకు ఇద్దరికి మాత్రమే చాలిన చోటొకటి ఆమెకు గావలెను. అంతకుమించి ఆమె యే దేవుని ఏమియు కోరియుండలేదు.

పుష్యమాసారంభమున కాత్యాయని చెల్లెలి గృహప్రవేశమునకై పాలకొల్లు బోయి కొన్నాళ్లుండి తిరిగివచ్చెను. వచ్చినదే తడవుగ సంచి యొకమూల బడవైచి ముగ్గు చెదరెనేమో సరిదిద్దుదమని డాబా యెక్కెను. ఎక్కినది ఎక్కినట్లే నిలిచిపోయెను. తాను వేసిన పిండిముగ్గు చీపురుతో ఊడ్చివేయబడియుండెను. దాని స్థానమున సుద్దముక్కతో వంకరటింకరగ గీయబడిన మఱియొక బండి నీళ్లట్యాంకు దాటి పిట్టగోడవఱకు సాగియుండెను. ఇద్దరు గూర్చుండెడి బల్లచుట్టు నలువురికి పీటలు వెలసెను. వెనుకభాగమున వెడల్పైన జంటపడకలును ముందు భాగమున ఎత్తున మఱి రెండు పడకలును గీయబడియుండెను. సుద్ద చేతికంటించుకొని నృసింహము ట్యాంకు పక్కనే నిలిచియుండెను.

“ఇదేంటండీ?” అని ఆమె యడిగెను.

“పెద్దబండి తీసుకున్నాను. సౌకర్యంగా ఉంటుందని.”

“ఎవరికండీ సౌకర్యం?”

నృసింహము సుద్ద దులుపుకొనుచు “అన్నయ్యకీ వదినకీ. మాటవరసకి మీరూ రాకూడదా అన్నాను. వస్తామన్నారు. పెద్దవాళ్లని పిలిచి మళ్లీ వద్దని ఎలా అంటాం కాత్యాయనీ?” అని పలికెను.

మాటవరుస! ఈ మాటవరుస కూల్చిన కొంపలు మన దేశమున నెన్నియో! విస్తరిముందు గూర్చున్నవాడు వాకిట బోవువానిని రండి భోంచేతమని పిలుచుటయు ఆ పోవువాడు ఇప్పుడే అయినదని తప్పించుకొనుటయు మనవారి మర్యాద. నిజముగ వచ్చి ఆకు వేయుడనువాడొకడు తటస్థించినచో పిలిచినవాని మొగము చూడవలసినదే. భర్త యట్టి చిక్కులో పడెగాబోలునని కాత్యాయని తలంచెను. తలంచినను దుఃఖమాగలేదు. “నాకు ఏడుపొస్తోందండీ. ఎన్నాళ్లనుంచి ఎదురుచూశానో మీకు తెలుసు” అని వెక్కివెక్కి యేడ్చెను. ఆయన తలవంచుకొని నిలిచెను. ఆ తలవంపు చూచి ఆ వెఱ్ఱిబాగులది ఆయనమీదనే జాలిపడి కన్నులు తుడుచుకొని సరే యేమి చేయుదము, జరిగినదేదో జరిగినది, పెద్దవారికి వెనుకపడకలే యిత్తమని యోదార్చి క్రిందికి దిగెను.

ఇంతటితో నిలిచినను కథ యొకరీతి నుండెడిదేమో. మఱునాటి యుదయమున వంటింట కాత్యాయని కంద చెక్కుతీయుచుండగా అలివేలమ్మ వచ్చి పీట లాగుకొని యెదుట గూర్చుండెను. అలివేలమ్మ నోరుజాఱునదియేగాని మనసున కల్మషము లేనిది. ఆమె తోడికోడలి గడ్డము పుణికి కన్నుల నీరు నింపుకొని యిట్లనెను.

“నీ మనసు వెన్నపూసే అమ్మాయ్. మేం అసలు రామనే అన్నాం తెలుసా? ఇన్నేళ్లకి వాళ్లిద్దరూ సరదాపడి వెళ్తుంటే మధ్యలో మనమెందుకే, పానకంలో పుడకల్లా, అని మీ బావగారు గట్టిగానే చెప్పారు. మరిది వింటేనా! మర్నాడు మళ్లీ వచ్చి కూర్చున్నాడు. మీరు లేకపోతే కాలు కదపనని కాత్యాయని భీష్మించుక్కూచుంది వదినా అన్నాడు. ఆ మాట విని మీ బావగారు కళ్లనీళ్లు పెట్టుకున్నారనుకో. సొంత చెల్లెలైనా ఇంత చెయ్యదు అన్నారు.”

కాత్యాయని చేతిలోని కంద కత్తిపీటపై నట్లే నిలిచెను. మాటవరుస పిలుపు గాదది! రామన్నవారిని బ్రతిమాలి పిలిచినాడు. పిలిచి తన పేరు వాడుకొన్నాడు. తానేది ప్రాణముగ కోరెనో దానికి సరిగా విరుద్ధమైనదానిని తన నోటనే పలికించినాడు! కాదక్కయ్యా, నేననలేదు అను నాలుగు మాటలు ఆమె నాలుకచివరకు వచ్చెను. అవి పెదవి దాటినచో ఆ పెద్దాయన కన్నీళ్లకు విలువయేమి? వెన్నపూసయని మురియుచున్న యీ వెఱ్ఱితల్లి ముఖమునకు మిగులునదేమి? కాత్యాయని కంద పక్కకు నెట్టి “అవునక్కయ్యా, నేనే అన్నాను” అని పలికి చేయి కడుగుకొనుటకై లేచెను.

ఔరా నృసింహమా! తోటలో చీడ యే యాకున గలదో కోసెడు దూరమునుండి పసిగట్టగల నీకు ఎదుట నిలిచిన యిల్లాలి మనసు తెలియకపోయెనా? తెలిసియే చేసితివి. అదియే కాత్యాయనిని దహించినది.

నృసింహము నీడవలల క్రింద గులాబికి అంటు కట్టుచుండెను. ఆమె యెదుటకువచ్చి నిలిచి అలివేలమ్మ పలుకులన్నియు ఒక్కటి విడువక చెప్పెను. చెప్పి “ఎందుకండీ?” అని మాత్రమడిగెను.

ఆయన చాలసేపు దారము చుట్టుచునే యుండెను. బొంకవలెనని చూచెనేమో, బొంకు దొరకలేదు. తుదకు తలయెత్తక యిట్లనెను. “ఇంట్లో నలుగురుంటే మాటలు వాటంతటవే నడిచిపోతాయి. డాబామీద ఆ ముగ్గులో కూర్చున్నప్పుడు నాకేమీ తోచేది కాదు. నువ్వు నా మొహంకేసి చూస్తుండేదానివి. ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. ఎప్పుడు చీకటిపడుతుందా, ఎప్పుడు కిందకి దిగుదామా అని ఉండేది. నెలరోజులు ఆ పెట్టెలో మనిద్దరమే అంటే... నాకు భయం వేసింది.”

కాత్యాయని పక్కనున్న వెదురుగుంజ పట్టుకొనెను. పోబోవు యాత్ర పోయిన పోవుగాక. ఈ మనుజుడు గడచిన సాయంకాలములనుగూడ తననుండి లాగికొనెను! తాను నవ్విన ప్రతినవ్వునకును ఎదుటివాడు ప్రొద్దువంక చూచుచుండెనా? తాను లేని పొయ్యిపై కాచి యిచ్చిన లేని కాఫీ నాయన నిట్టూర్చుచు త్రాగెనా? సుఖమనుకొన్నదంతయు తానొక్కతెయే అనుభవించినది. జతగా నున్నామని తలంచినప్పుడుకూడ తా నొంటరిదే.

“ఈ సంగతి నాతో చెప్పాల్సింది” అని ఆమె యనెను.

“ఎలా చెప్పను కాత్యాయనీ? నువ్వు అంత సంతోషంగా ఉంటే...”

“నా పేరు పెట్టి వాళ్లతో చెప్పగలిగారు కదండీ. నాతో చెప్పడానికి నోరు రాలేదా?”

ఆయన మఱియొక చుట్టు దారము చుట్టెను. ఆమె కంఠస్వరము హెచ్చింపక “అయితే నన్ను కూడా మాటవరసకే పిలిచారనుకుంటాను. నేను రావడం లేదు. మీరు ముగ్గురూ వెళ్లిరండి” అని పలికెను.

నృసింహము అదిరిపడి దారముండ జాఱవిడిచి “నువ్వు లేకుండా నేనెలా వెళ్తాను? మానేద్దాం. అందరం మానేద్దాం” అని వేడుకొనెను. కడుపులో లేనిది కౌగిలించుకొన్న వచ్చునా? “మానేస్తే ఎందుకు మానేశామో బావగారికి నేనే చెప్తాను” అని ఆమె వెనుదిరిగెను. ఆ యొక్క బెదరింపునకు ఆయన నోరు మూతవడెను. అన్నగారి కన్నులలో చులకనయగుటకంటె ఆలి కన్నులలో చులకనయగుటయే ఆయనకు తేలికగ దోచెను. ఆ సంగతియు ఆమె గ్రహించెను.

వేసవి మొక్కలను పరులచేతిలో విడువలేనని కాత్యాయని పెద్దలకు నచ్చజెప్పెను. పురుషోత్తమ మెంత బలవంతపెట్టినను నవ్వుచునే తప్పించుకొనెను. అలివేలమ్మకు చలిబట్టలు తానే సర్దెను. వారు బయలుదేరునాడు ఊరివారెల్లరును వచ్చి అన్నావదినెలను విదేశమునకు గొనిపోవు తమ్ముడనగా నృసింహమే తమ్ముడని వేనోళ్ల కొనియాడిరి. పరస్త్రీకై ఆలిని విడనాడినవాని ద్రోహము లోకమునకు కంటబడును, నలుగురు నాలుగుమాటలందురు, పంచాయతీ పెట్టుదురు. ఆలితో నొంటరిగ గూర్చుండ వెఱచినవాని ద్రోహమునకు పేరైనను లేదు. అట్టిదానిని మోయుచున్న కాత్యాయని వాకిట నిలిచి హారతిపళ్లెము త్రిప్పి వారిని సాగనంపెను.

ఫాల్గుణమున నొక యుదయము ఆమె మొక్కలకు నీరు వెట్టుచుండగా ఫోను మ్రోగెను. అక్కడ అపరాహ్ణము గడచి ప్రొద్దు వ్రాలుచున్నదట. సరస్సు గట్టున బండి నిలిపినారట. అన్నయ్యయు వదినయు గట్టువెంట నడువబోయినారట. ఇంతవఱకు చెప్పి నృసింహము “ఇప్పుడిక్కడ ఎవరూ లేరు. నేనొక్కడినే ఉన్నాను. నీతో మాట్లాడాలని చేశాను” అనెను.

“చెప్పండి” అని కాత్యాయని యనెను.

ఆయన ఊపిరి వినబడెను. అక్కడి నీటిచప్పుడు వినబడెను. మాట మాత్రము రాలేదు. ఆమె నీళ్లగొట్టము క్రిందపెట్టి వేచియుండెను. మైసూరునాటినుండి వేచియున్నదానికి ఇంకొకింతసేపు వేచుట కష్టమా? మాటరాని యా మనిషి గొంతున నేదో పెనగులాడుచున్నట్లు తోచినప్పుడు ఒక్క క్షణము ఆమె మనసు కరుగబోయెను. ఇంతలో దూరమునుండి అలివేలమ్మ పిలుపొకటి వినవచ్చెను. నృసింహము గట్టెక్కినవానివలె తెప్పరిల్లి “అదుగో, వాళ్లొచ్చేశారు” అనెను. ఆ కంఠమున తొంగిచూచిన యూఱట ఇన్ని సముద్రములు దాటివచ్చి ఆమెకు స్పష్టముగ వినబడెను.

“బావగారికి భోజనం వేళవుతోంది. బియ్యం కడగండి” అని పలికి కాత్యాయని ఫోను పెట్టివేసెను.