చూపించే ఇల్లు

అద్దె ఎంతో విన్నప్పుడు చిట్టికి సంతోషం కలగలేదు, అనుమానం కలిగింది. భవనం కొత్తది. గోడల రంగు వాసన ఇంకా పోలేదు, తలుపు పిడులకు చుట్టిన ప్లాస్టిక్ కాగితం కూడా ఎవరూ తీయలేదు. బాల్కనీ ఉంది, అన్నిటికీ మించి లిఫ్ట్ ఉంది. అద్దె మాత్రం వాళ్లుంటున్న పాత కొంప కంటే తక్కువ. ఆ కొంప నాలుగో అంతస్తులో, మెట్లు తప్ప దిక్కులేని చోట ఉంది. మోకాళ్లు అరిగిపోయిన అత్తగారు వీధి మొహం చూసి ఏడాది దాటింది.

చిట్టి బేకరీలో గల్లాపెట్టె దగ్గర కూర్చునే మనిషి. కేకు సగం ధరకి ఇస్తున్నారంటే అది నిన్నటిదని ఆమెకు బాగా తెలుసు.

"ఇందులో ఏదో మెలిక ఉందండీ," అంది భర్తతో.

"ఉంటే ఉండనీ. ముందు అమ్మ కిందికి దిగాలి కదా," అన్నాడాయన.

వాచ్‌మన్‌ని అడిగితే తనకేం తెలియదన్నాడు. బ్రోకరు నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు ఏ రకం నవ్వో తేలక చిట్టి సరాసరి మేనేజరు గదికే వెళ్లింది. అప్పుడు బయటపడింది సంగతి.

"ఇవన్నీ అమ్మకానికే అమ్మా. ఖాళీ గదులు చూపిస్తే జనం కంటికి ఆనడం లేదు. మనుషులు కాపరం ఉండే ఇల్లు ఒకటి కావాలి మాకు. కొనేవాళ్లొస్తే తలుపు తీసి, అడిగినదానికి నాలుగు మంచిమాటలు చెప్పాలి. అంతే."

"మరి ఎవరైనా మేముండే ఇల్లే కొంటామంటే?"

"నెల్లో ఖాళీ చేయాల్సి ఉంటుంది. అయినా అంత దూరం రాదులెండి. ఇన్ని ఖాళీగా ఉండగా మనుషులున్నది ఎవరు అడుగుతారు?"

ఈ మెలిక అత్తగారి చెవిన వేయకూడదని మొగుడూ పెళ్లాలు అనుకున్నారు.

ఇల్లు మారిన రోజు అత్తగారు లిఫ్టులో పనీపాటా లేకుండా మూడుసార్లు కిందికీ పైకీ తిరిగింది. "ఇన్నాళ్లూ నన్ను అటకెక్కించిన సామాను చేశారు కదరా!" అని కొడుకుని తిట్టి, ఆ తిట్లలోనే నవ్వింది. మర్నాటి నుంచి గేటు పక్కనున్న బెంచీ ఆవిడదైపోయింది. వచ్చేపోయేవాళ్లందరినీ ఆపి యోగక్షేమాలు అడిగేది.

ఎటొచ్చీ చిట్టికే ఊపిరాడలేదు. వచ్చినవాళ్లు అలమరలు తెరిచేవారు, కుళాయిలు తిప్పేవారు, చిట్టి అక్కడ లేనట్టే తమ మంచం ఎటు వేసుకోవాలో మాట్లాడుకునేవారు. తానుంటున్నది ఇంట్లోనో దుకాణంలోనో ఆమెకు అర్థమయ్యేది కాదు. పొగిడితే ఇల్లు చేజారుతుంది. పొగడకపోతే మేనేజరు పొమ్మంటాడు. ఎటూ పాలుపోక, ఎవరేమడిగినా "బాగానే ఉంటుందండీ" అని నీళ్లు నమిలేది. విన్నవాళ్లు మొహమొహాలు చూసుకుని పక్క ఇళ్లు చూడటానికి వెళ్లిపోయేవారు.

ఒక ఆదివారం ఒక నర్సు వచ్చింది. డ్యూటీ బట్టలైనా మార్చుకోలేదు, కాళ్లీడుస్తూ నడుస్తోంది. మేనేజరుని గుమ్మంలోనే వదిలేసి వంటగదిలోకొచ్చి గొంతు తగ్గించింది.

"అక్కా, నాకు నిజం చెప్పండి. ఈ లిఫ్ట్ ఆగిపోతుంటుందా? మా అమ్మకి మోకాళ్లు పనిచేయవు. కిందటిసారి ఇలాగే కొత్త బిల్డింగని నమ్మి వెళ్లాం. లిఫ్ట్ చెడిపోతే బాగుచేసే దిక్కులేక అమ్మ గదిలోనే ఉండిపోయింది."

'అప్పుడప్పుడూ ఆగుతుంది' అంటే చాలు, పీడా వదిలిపోతుంది. ఆ మాట చిట్టి నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ మంచం మీద కూర్చుని కిటికీలోంచి వీధి చప్పుళ్లు వినే ముసలి ప్రాణం ఎలా ఉంటుందో చిట్టికి ఒకరు చెప్పాలా?

"ఒక్కరోజు కూడా ఆగలేదమ్మా," అంది. "మా అత్తగారు రోజూ దిగుతుంది. మన గడప దాటితే లిఫ్టే, నాలుగడుగులు కూడా నడవక్కర్లేదు."

నోరు విప్పాక ఇక ఆగలేదు. బాత్రూమ్‌లో జారని బండలు వేశారని చెప్పింది. మధ్యాహ్నం బాల్కనీలోకి వచ్చే గాలి గురించి చెప్పింది. తన ఇంటి గురించి చెప్పుకోవడం ఎంత బాగుందో, చెబుతూ చెబుతూ అసలు సంగతే మరిచిపోయింది.

నర్సు కళ్లు తుడుచుకుంది. మేనేజరు వైపు తిరిగి, "ఇంకేవీ చూడనండీ. లిఫ్టుకి ఎదురుగా ఉంది, మాకిదే కావాలి," అంది.

మేనేజరు చిట్టి మొహం చూడకుండా తలాడించాడు.

వాళ్లు వెళ్లాక చిట్టి వంటగదిలోనే నేల మీద కూర్చుండిపోయింది. మంచిపని చేసిందో, తన కొంప తానే ముంచుకుందో తెలియడం లేదు. ఏడుపొస్తోంది. పోనీ కోపం తెచ్చుకుందామంటే ఎవరి మీద తెచ్చుకోవాలో తోచలేదు. ఆయనకి ఫోన్లో చెప్పేస్తుంది సరే, అత్తగారికి ఏ నోటితో చెప్పాలి?

అంతలో లిఫ్ట్ తెరుచుకున్న చప్పుడైంది. అత్తగారు చేతికర్ర టకటకలాడించుకుంటూ లోపలికొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"ఏమేవ్, కింద ఒకావిడ కలిసిందే! కూతురు ఇల్లు చూడ్డానికొస్తే బెంచీ మీద నా పక్కన కూర్చుంది. పాపం, ఆవిడవీ నాలాంటి మోకాళ్లే. 'ఇంకో ఆలోచన పెట్టుకోకండి వదినగారూ, ఇక్కడికే వచ్చేయండి, ఇద్దరం రోజూ కబుర్లు చెప్పుకుందాం' అని చేతిలో చెయ్యి వేయించుకున్నా. ఇప్పుడే కూతురొచ్చి ఖాయం చేశామని చెప్పి తీసుకెళ్లింది. ఇన్నాళ్లకి నాకో తోడు దొరికిందే!"



అత్తగారు కర్ర గోడకానించి, కుర్చీలో కూలబడి, ఆయాసం తీర్చుకుని అడిగింది. "ఇంతకీ ఏ ఇల్లు తీసుకున్నారటే వాళ్లు?"