వాడుక పేరు

లెక్కల పెట్టెలోని రంగు పుల్లల మీద, ఒక్కో పుల్ల మీదా విడివిడిగా, మా అమ్మాయి పేరు అంటిస్తూ కూర్చున్నాను. ఏప్రిల్‌లో షియోరి ఒకటో తరగతిలో చేరుతుంది. పుల్లలు, బిళ్లలు, పాచికలు, క్రేయాన్లు, పేరు లేని వస్తువు ఒక్కటీ ఉండకూడదని బడివాళ్ల నియమం. పేరు కాగితాలు బియ్యపు గింజంత ఉంటాయి. చిన్న పట్టకారుతో తీసి అంటించాలి. ఇది తల్లుల పని. తండ్రులు చేయకూడదని ఎక్కడా రాయలేదు కానీ, మా ఆయన తెత్సురో పక్క గదిలో బేస్‌బాల్ చూస్తున్నాడు. ప్రతి కాగితం మీదా కువబారా షియోరి, కువబారా షియోరి. మధ్యాహ్నానికి నా కళ్లు మసకబారాయి. అత్తగారు ఫుసాయె టీ తెచ్చిపెట్టి, నేను చేసిన పనంతా ఓసారి పరిశీలనగా చూసింది.

"అన్నిటికీ అంటించావమ్మా. ఇంకొక్కదానికే మిగిలింది," అంది.

ఆ ఒక్కటీ నేనే.

నా పేరు ఒర్నెల్లా తస్సినారి. ఇటలీలో ఫెరారాలో పుట్టాను, పెళ్లయినప్పటి నుంచీ కనజావాలో ఉంటున్నాను. మా దేశంలో ఆడది పెళ్లి చేసుకుంటే ఇల్లు మారుతుందేమో గానీ ఇంటిపేరు మారదు. మా పుట్టింటి కాలింగ్ బెల్ పక్కన అమ్మ పేరూ, నాన్న పేరూ వేరువేరుగా ఉండేవి. అలాగని మా ఆడవాళ్లకేదో గొప్ప స్వాతంత్ర్యం ఒరిగిందని కాదు. మా అమ్మ తన పేరు తను ఉంచుకునే, ఇంటిల్లిపాది చొక్కాలూ ఇస్త్రీ చేసింది. కానీ ఆ పేరు జోలికి ఎవరూ రాలేదు. ఇక్కడ విదేశీ కోడలు పేరు మార్చుకుని తీరాలన్న చట్టమేమీ లేదు. మున్సిపల్ ఆఫీసుకి వెళ్లి భర్త ఇంటిపేరును వాడుక పేరుగా రాయించుకోవచ్చు, అంతే. ఆ తర్వాత బ్యాంకులో, ఆసుపత్రిలో, బడిలో అదే నా పేరవుతుంది. ఆ "అంతే" అన్న మాట మా ఇంట్లో ఏడాదిగా నలుగుతోంది.

"నీ ఇంటిపేరు మాత్రం మీ నాన్నది కాదా? ఆయనది పెట్టుకున్నదానివి మా నాన్నది పెట్టుకుంటే ఏం అరిగిపోతావు?" అంటాడు తెత్సురో. తెలివైనవాడు. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి," అంటుంది అత్తగారు, కూర తరుగుతూ, నాకు వినబడేంత మెల్లగా. నేను అనువాదకురాలిగా పనిచేసే యంత్రాల కంపెనీలో, మొన్న చేరినవాళ్లని కూడా ఇంటిపేరుతో, గారు తగిలించి పిలుస్తారు. నన్ను మాత్రం "ఒర్నెల్లా గారూ" అంటారు. చనువట. బాలబడి గేటు దగ్గర నేను షియోరి వాళ్లమ్మని. ఇంతకాలంగా ఈ ఊళ్లో నా ఇంటిపేరు ఎవరి నోటా వినలేదు. వినకపోతే ఏమవుతుందని నాకు నేనే సర్ది చెప్పుకునేదాన్ని. ఈ చలికాలంలో ఒక రోజు భూమి కదిలాక ఆ సర్దుబాటు కూడా పోయింది.

పెద్ద నష్టమేమీ జరగలేదు, గిన్నెలు పడ్డాయి. సాయంత్రం తెత్సురో అన్నాడు: "రేపు బడి టైములో ఇలాగే భూకంపం వస్తే? పేర్లు సరిచూసుకునే పిల్లల్ని అప్పగిస్తారు. ఎవరో తెల్లావిడ వచ్చి వేరే ఇంటిపేరు చెబితే షియోరిని ఇచ్చేస్తారా? నీ పంతం కోసం పిల్లని అక్కడే నిలబెడతావా?" అప్పటినుంచీ కళ్లు మూసుకుంటే అదే కనబడుతోంది. బడి ఆవరణలో పిల్లలు వరసగా ఉంటారు, తల్లులు ఒక్కో పేరూ చెప్పి తీసుకుపోతుంటారు, నా వంతు వచ్చేసరికి నేను భాష మరిచిపోతాను. భయపెట్టి గెలవడం తప్పని తెలుసు. అయినా భయం వేసింది. మంగళవారం మున్సిపల్ ఆఫీసుకి వెళ్దాం అంటే సరేనన్నాను.

పగలూ రాత్రీ సమానమయ్యే వారం వచ్చింది. అందరిలాగే మేమూ అత్తింటి పెద్దల సమాధి కడగడానికి కొండమీదికి వెళ్లాం. రాయి మీద ఒకటే పేరు, కువబారా. కింద ఎంతమంది అస్థికలున్నా అదొక్కటే. తెత్సురో, షియోరి నీళ్లకి వెళ్లారు. నేనూ అత్తగారూ బ్రష్షులతో నాచు గీకుతున్నాం.

"రేపు నువ్వు పోయాక నిన్నూ ఇక్కడే పెడతారు. మంగళవారం ఆ పని కానిస్తే నాకూ నిశ్చింత," అంది.

ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాను. "అత్తయ్యా, మీ పుట్టింటి పేరేమిటి?"

బ్రష్షు ఆగలేదు. "ఇప్పుడెందుకది? సెగావా." కాసేపు గీకింది. "పెళ్లైన ఏడాది మా అన్నయ్య ఎండు పెర్సిమన్ పళ్లు పంపించాడు. అలవాటుకొద్దీ పెట్టె మీద సెగావా ఫుసాయె అని రాశాడు. మీ మామయ్యగారు గుమ్మంలో నిలబడి, ఆ పేరుగల మనిషి ఈ ఇంట్లో లేదని చెప్పి తిప్పి పంపించేశారు. నేను వంటింట్లో చేపలు కడుగుతున్నా. అంతా వినబడుతూనే ఉంది."

"మీరేమీ అనలేదా?"

"ఏమంటాను? ఆయన అబద్ధమాడలేదుగా." రాయి మూలలు కూడా శుభ్రంగా తోమింది. "ఆ ఏడాది పళ్లు చాలా తియ్యగా ఉన్నాయట," అంది.

తెత్సురో బకెట్ దించాడు. "అన్నట్టు, మంగళవారం పొద్దున్నే వెళ్దాం, రద్దీ ఉండదు."

"నేను రాను," అన్నాను. "పేరు మార్చుకోను. రేపే బడికి వెళ్లి టీచరుకి నా ముఖం చూపిస్తాను, నా పేరు చెబుతాను. నోరు తిరక్కపోతే తిరిగేదాకా నేర్పిస్తాను."

"అమ్మా, నువ్వైనా చెప్పు!" అన్నాడు తెత్సురో.

"నాకేం పట్టింది? రేపు పిల్ల ఏడిస్తే నన్ననకండి," అని విసురుగా బ్రష్షు పడేసి, అత్తగారు మెట్లు దిగసాగింది. తడిసిన రాతి మెట్లు.

"అత్తయ్యా, జారుతుంది, ఆగండి!"

ఆగలేదు. కోపమొస్తే ఆవిడకి చెవులు వినబడవు. భయంతో నా నోట ఆ మాట వచ్చేసింది.

"సెగావా గారూ!"

ఎవరొచ్చారా అని తెత్సురో దారి వంక చూశాడు. ఆవిడ మాత్రం చటుక్కున వెనక్కి తిరిగింది.