పెరటి గదికి తాళం

మా లోయకు ఉత్తరాన ఎండిన కొండలు, దక్షిణాన రైలు పట్టాలు, నడుమ కాలువ. కాలువకు అవతల మేడలు. ఇవతల, కొండల పాదం దగ్గర, మా ఇరుకు వీధులు. లోయ జనాభా ఆరు లక్షలని పెద్ద రోడ్డు మీద బోర్డు ఉంది. ఆ లెక్కలో మా పెరటి గదులవాళ్లు లేరు. ఆ గదులు అద్దెకివ్వడానికి అనుమతి లేదు. అందుకే వీధి మొదట్లో యూనిఫాం కనిపిస్తే చాలు, బయట తాళం వేసి సామాన్ల గది అని చెబుతాం. లోపలివాళ్లు కిక్కురుమనరు.

మా ఆయన చనిపోయాక మా పెరటి గదిలోకి బేకరీ మేస్త్రీ అద్దెకు వచ్చాడు. రాత్రంతా రొట్టెలు కాల్చి, పగలు చెవుల్లో దూది కుక్కుకుని నిద్రపోతాడు. నా కోడలు అతన్ని గుడ్లగూబ అంటుంది.

ఆ రోజు పదింటికి జీపులు కనిపించాయి. తనిఖీకి వచ్చారనుకుని పరుగున వెళ్లి పెరటి గదికి తాళం వేసి, తాళంచెవి సంచిలో పడేశాను. అంతలోనే మైకు మోగింది. కొండ అంటుకుంది, గాలి ఇటే కొడుతోంది, వెంటనే ఇళ్లు వదలమన్నారు. కోడలు పాపను ఎత్తుకుంది. వీధి వీధంతా వంతెన వైపు పరుగెత్తింది.

వంతెన దాటాక ఫైర్ ఆఫీసరు లిస్టు తీసి తలలు లెక్కపెట్టాడు.

"మీ ఇంట్లో నలుగురు కదా?"

"మా ఆయన డ్యూటీకి పోయాడు సార్. ముగ్గురమే," అంది కోడలు.

"సరే. వీధి మొత్తం వచ్చేసింది. వంతెన మూసెయ్యండి!"

పక్కింటి టైలరక్క నా చెవిలో గొణిగింది. "పిన్నీ, మీ గుడ్లగూబను లేపారా?"

సంచిలో చెయ్యి పెట్టాను. తాళంచెవి తగిలింది.

"మరి నీ గదిలోవాళ్లను లేపావా?" అన్నాను. ఆమె మొహం తిప్పుకుంది.

కోడలు నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "అత్తయ్యా, నోరు విప్పకండి. తెలిస్తే ఇంటికి సీలు వేస్తారు. అతనే లేచి వస్తాడులెండి."

"ఎలా వస్తాడే? తాళం బయట వేశాను."

ఆమె చెయ్యి వదిలేసింది.

"బాబూ, ఆగండి!" అని అరిచాను. "మా పెరటి గదిలో ఒక మనిషున్నాడు."

"లిస్టులో లేడే?"

"లిస్టులో లేడు. గదిలో ఉన్నాడు. నీలం గేటు, వెనక రేకుల గది. ఇదిగో తాళంచెవి."

ఆఫీసరు నన్ను తిట్టను కూడా లేదు. తాళంచెవి లాక్కుని జీపెక్కాడు. జీపు పొగలో కలిసిపోయింది.

"ఇంకెవరింట్లో ఎవరున్నారు? ఇప్పుడే చెప్పండి!" అని రెండో జీపు డ్రైవరు గద్దించాడు. అందరూ నేల చూపులు చూశారు. చివరికి టైలరక్క చెయ్యి లేచింది. "మా గదిలో ఇద్దరు."

పొగ కాలువ దాకా దిగింది. పాప దగ్గుతోంది. ఎంతసేపటికో హారన్లు వినిపించాయి, ఒకదాని వెనక ఒకటి.

టైలరక్క గదిలోని ఇద్దరూ దిగారు. తర్వాత మేస్త్రీ దిగాడు. తలుపు బాదీ బాదీ అతని చేతులు నెత్తురోడుతున్నాయి. నీళ్ల సీసా అందించాను. అందుకోలేదు.

"తాళం వేసేటప్పుడు నేను లోపలున్నానని తెలీదా పెద్దమ్మా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కోడలు నన్నే చూస్తోంది.

"తెలుసు నాయనా. ఉన్నావనే వేశాను."

అతను సీసా తీసుకున్నాడు. ఒక్క చుక్క తాగలేదు. నీళ్లన్నీ చేతుల మీద పోసుకుని, ఖాళీ సీసా నా కాళ్ల దగ్గర పెట్టి, రైలు పట్టాల వైపు నడిచిపోయాడు.