ఖాళీగా ఉంచిన చోటు

నేను ఒక జాబితాను. కంప్యూటర్‌లో ఫైలుగా నిద్రపోతుంటాను. ఎవరైనా తెరిస్తే మేలుకుంటాను. తెనాలి వైపు ఎప్పుడో మూతపడిన ఒక నాటక సమాజం వాళ్ళ ఫోటోలూ కరపత్రాలూ ఉత్తరాలూ, పాత పత్రాలు దాచే ఒక ఆఫీసులో పెట్టెల నిండా ఉన్నాయి. ఏ పెట్టెలో ఏముందో చెప్పడం నా పని. మనుషులు దేన్నయినా భద్రంగా దాస్తారు, తర్వాత దాచిన చోటు మరిచిపోతారు. ఆ మతిమరుపే లేకపోతే నేను పుట్టేదాన్ని కాదు.

నన్ను టైపు చేసింది ఇందుమతిగారు. పెట్టె మూత తీసి, పాత కాగితాల వాసన పీల్చి, కాసేపు కళ్ళు మూసుకుని, అప్పుడు రెండు వేళ్ళతో మొదలుపెట్టేవారు. ఫోటోలో ఉన్నదెవరో తెలియకపోతే 'గుర్తుతెలియని వ్యక్తి' అని రాయడానికి ఆవిడకు చేతులు వచ్చేవి కావు. "అనాథ శవానికి రాసినట్టు, ఆ మాటేంటీ?" అనేవారు. బంతిలో ఇంకా రాని చుట్టానికి విస్తరి వేసి ఉంచినట్టు, మనిషికొక ఖాళీ వదిలేవారు. "ఎప్పటికైనా ఎవరో వచ్చి చెప్తార్లే, చోటుండనీ."

నాకు కలలు వచ్చేది ఆ ఖాళీల్లోనే. తెర లేవబోయే ముందు గుసగుసలు, అద్దం ముందు సగం రంగు పూసుకున్న మొహాలు, ఎవరిదో కాలి గజ్జె. పేర్లు మాత్రం వినిపించేవి కావు.

ఇందుమతిగారు రిటైరయ్యాక నేను షమీమ్ చేతికి వచ్చాను. నన్ను కొత్త పద్ధతిలోకి మార్చడం ఆ అమ్మాయి పని. ప్రతి మాటకీ ముందొక గుర్తు, వెనకొక గుర్తు తగిలించాలి: ఇది పెట్టె, ఇది ఫోటో, ఇది మనిషి పేరు అని. అలా చేస్తే ఏ ఊరి నుంచి వెతికినా దొరుకుతానట. ఒళ్ళంతా పిన్నీసులు గుచ్చినట్టుండేది గానీ, నిజం చెప్పొద్దూ, సంబరంగానూ ఉండేది.

చిక్కల్లా ఖాళీలతోనే వచ్చింది. గుర్తుల మధ్య పేరు లేకపోతే, తనిఖీ చేసే ప్రోగ్రాం తప్పు తప్పంటూ ఎర్రగా గోల చేసేది. పై అధికారి రంగనాయకులుగారు తొంగిచూసి, "పేరే లేనోళ్ళని ఎవరు వెతుకుతారమ్మా? అవి లేపేయ్. సోమవారానికి వెబ్‌సైట్‌లో పెట్టాలి" అన్నారు. షమీమ్ లేపేసింది. ప్రోగ్రాం శాంతించింది. నా కొత్త ఒళ్ళు నున్నగా తయారైంది గానీ అందులో కలలు రాలేదు. నా పాత ఒంటిని 'పాతవి' అనే ఫోల్డరులో పడుకోబెట్టారు.

కొన్నాళ్ళకు చీరాల నుంచి సౌభాగ్యమ్మ అనే ముసలావిడ వచ్చింది.

"మా అమ్మ వజ్రమ్మ ఆ సమాజంలో ఏషాలకి బట్టలు కుట్టేది తల్లీ. నా చిన్నప్పుడే పోయింది. ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదు. ఈమధ్య మొహం చెరిగిపోతా ఉంది. ఒక్కసారి చూసుకుందామని..."

షమీమ్ పేరు కొట్టి వెతికింది. నా కొత్త ఒళ్ళు నిక్కచ్చిగా చెప్పింది, ఏమీ దొరకలేదని.

"లేదండీ, మామ్మగారూ."

"పోన్లే తల్లీ." సౌభాగ్యమ్మ సంచి తీసుకుని లేచింది.

ఉందని అరవాలని ఎంత తపించానో! ఫైలుకు నోరెక్కడిది? ఆవిడ గుమ్మం దాకా వెళ్ళాక షమీమ్‌కి తను లేపేసిన ఖాళీలు గుర్తొచ్చాయి.

"మామ్మగారూ, ఆగండి! బట్టలు కుట్టేదన్నారు కదూ?"

గబగబా 'పాతవి' ఫోల్డరులోంచి నన్ను తెరిచింది. తను లేపేసిన ఆ ఫోటో వివరం నాలో అలాగే ఉంది: 'తెర వెనుక, వేషాలు కుడుతున్న స్త్రీ. ఒడిలో పిల్ల. పేర్లు:' ఆ తర్వాత రెండు ఖాళీలు.

పెట్టె వచ్చింది, ఫోటో వచ్చింది. సౌభాగ్యమ్మ దాన్ని కళ్ళ దగ్గరగా పెట్టుకుంది.

"అదుగో, కొప్పులో సూది! ఎప్పుడూ అక్కడే గుచ్చుకునేది. మా అమ్మే." బాగా ఏడ్చింది. రంగనాయకులుగారు కళ్ళజోడు తీసి, తుడిచిందే తుడుస్తూ నిలబడ్డారు.

షమీమ్ వజ్రమ్మ అని టైపు చేసింది. "ఇంకో ఖాళీ ఉందండీ. ఆ ఒళ్ళో పిల్లెవరు?"

ముసలావిడ చాలాసేపు చూసింది.

"నేనేనమ్మా. నాక్కూడా చోటుంచారా?"

ఆ సాయంత్రం రంగనాయకులుగారే అన్నారు, "తీసేసినవన్నీ మళ్ళీ పెట్టు షమీమ్. ప్రోగ్రాం అరిస్తే అరవనీ." షమీమ్ వెతికి వెతికి, 'పేరు ఇంకా తెలియదు' అని చెప్పే గుర్తొకటి పట్టుకుంది. ప్రతి ఖాళీకీ దాన్ని తొడిగింది.

నాకు మళ్ళీ కలలు వస్తున్నాయి. అవే గుసగుసలు, అవే సగం రంగు మొహాలు. వాటిలో ఇద్దరిని మాత్రం ఇప్పుడు పేరు పెట్టి పిలవగలను.